గొడవ అయ్యాక కెమెరా ఎవరింటికి వెళ్తుంది?

బ్రూక్లిన్‌లో ఒక పిజ్జా షాపు. సిగరెట్ల మెషీన్ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నిలబడి వాదించుకుంటున్నారు. ఒకడు పీనో, షాపు ఓనరు పెద్దకొడుకు, ఇటాలియన్ కుటుంబం. రెండోవాడు మూకీ, అదే షాపులో పిజ్జాలు డెలివరీ చేసే నల్లజాతి కుర్రాడు. పీనోకి నల్లవాళ్లంటే అస్సలు పడదు. నోరు తెరిస్తే తిట్టే. మూకీ ఎదురు తిట్టడు. నీకిష్టమైన బాస్కెట్‌బాల్ ప్లేయర్ ఎవరు అని అడుగుతాడు. మ్యాజిక్ జాన్సన్. సినిమా స్టార్? ఎడ్డీ మర్ఫీ. మ్యూజిక్‌లో? ప్రిన్స్ కదూ, ఒప్పుకో అంటాడు మూకీ. పీనో కాదంటాడు గానీ ఆ కాదనడంలో పెద్ద బలం లేదు. ముగ్గురూ నల్లవాళ్లేగా మరి అంటే పీనో దగ్గర జవాబు లేదు. తడుముకుని తడుముకుని, వాళ్లు వేరు అంటాడు. వాళ్లు నల్లవాళ్లే గానీ నల్లవాళ్లు కారట, అంతకంటే పైన అట.

1989లో వచ్చిన స్పైక్ లీ సినిమా ‘డూ ది రైట్ థింగ్’లోది ఈ చిన్న సీను. మూస అభిప్రాయం ఎలా పనిచేస్తుందో ఇంత తేలిగ్గా విప్పి చూపించిన సీను నాకు ఇంకోటి కనపడలేదు. ఒక మంచి ఉదాహరణ కళ్లముందు పెడితే మనిషి బుర్రలో మూస పగిలిపోతుందని మనం అనుకుంటాం. పగలదు. ఆ ఉదాహరణనే మూసలోంచి తీసి బయట పెట్టేస్తాడు. మ్యాజిక్ జాన్సన్ పేరు నల్లవాళ్ల లెక్కలోంచి కొట్టేస్తే సరి, మిగతావాళ్ల మీద అభిప్రాయం చెక్కుచెదరదు.

ఇక్కడే మూడు సంగతుల్ని విడదీసుకోవాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు మూడింటినీ కలిపి జాతి వివక్ష అనేస్తాం, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మొదటిది మూస: ఫలానా వాళ్లు ఇలాగే ఉంటారు అని బుర్రలో ముందే గీసుకున్న బొమ్మ. రెండోది దురభిప్రాయం: ఆ బొమ్మను చూసి పుట్టే భయం, అసహ్యం, వెటకారం. మూడోది వివక్ష: ఆ మనిషికి ఇల్లు దొరక్కుండా, లోను రాకుండా, ఉద్యోగం ఇవ్వకుండా, రోడ్డు మీద ఊరికే ఆపి జేబులు తడిమే ఏర్పాటు. మూడోదానికి మనసులో ద్వేషం ఉండనక్కర్లేదు. రూలు ప్రకారం ఫారాలు నింపుతూ పోయే గుమాస్తా కూడా చెయ్యగలడు, సాయంత్రం ఇంటికెళ్లి హాయిగా నిద్రపోగలడు.

సినిమాకి మొదటి రెండూ అంటే ప్రాణం. వాటికి ముఖం ఉంటుంది, డైలాగు ఉంటుంది, చివర్లో కన్నీళ్లు ఉంటాయి. మూడోదానికి ముఖం లేదు. బ్యాంకు గోడకు తగిలించిన మ్యాపు నటించలేదు కదా. అందుకని నగరంలో జాతి గొడవల మీద సినిమా తీసినప్పుడల్లా దర్శకుడి ముందు ఒకే సమస్య: తిట్టుని చూపించడం తేలిక, తిట్టుకు వెనకున్న పేటల పటాన్ని చూపించడం కష్టం. ఎవరు ఆ కష్టం పడ్డారు, ఎవరు తప్పించుకున్నారు అని చూస్తే ఈ సినిమాల మధ్య తేడా తేలిపోతుంది. నేనైతే ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. గొడవ అయ్యాక కెమెరా ఎవరి వెంట ఇంటికి వెళ్తోంది?

మూసని పోసింది ఎవరు

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. సినిమా ఈ వ్యవహారంలో సాక్షి ఒక్కటే కాదు, ముద్దాయి కూడా. 1915లో డి.డబ్ల్యూ. గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో ముఖ్యమైన నల్లజాతి పాత్రలు వేసింది ముఖానికి నలుపు పూసుకున్న తెల్ల నటులు. అందులో నల్లవాడు తెల్లమ్మాయి వెంటపడే మృగం, నల్లవాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ ముఠా గుర్రాల మీద వచ్చి కాపాడే వీరులు. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు దాన్ని వేసి చూపించారు. నల్లవాళ్ల హక్కుల కోసం పుట్టిన ఎన్‌ఏఏసీపీ సంస్థ ఊరూరా నిరసన తెలిపింది. అయినా ఎప్పుడో మూతపడ్డ క్లాన్‌ని అదే ఏడాది చివర జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద మళ్లీ మొదలుపెట్టారు. సినిమా ఊపు దానికి బాగా కలిసొచ్చింది.

తర్వాత రూలు వచ్చింది. హాలీవుడ్ తనకు తాను పెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్ 1930లో రాసుకున్నారు, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య శారీరక సంబంధం తెర మీద చూపించకూడదని అందులో ఉంది. దీని దెబ్బ నల్లవాళ్లకే తగల్లేదు. అన్నా మే వాంగ్ లాస్ ఏంజెలెస్‌లో పుట్టి పెరిగిన చైనీస్ అమెరికన్ నటి, లాండ్రీ నడుపుకునే ఇంటి పిల్ల. చైనా రైతు కుటుంబం కథతో ‘ది గుడ్ ఎర్త్’ తీస్తుంటే హీరోయిన్ వేషానికి అందరికంటే ముందు గుర్తుకు రావాల్సిన పేరు ఆమెది. కానీ చైనా రైతు వేషం పాల్ మ్యూనీ అనే తెల్ల నటుడికి ఇచ్చారు. తెల్ల నటుడి పక్కన భార్యగా నిజమైన చైనీస్ అమ్మాయి ఉంటే కోడ్‌తో తంటా. కాబట్టి భార్య వేషం కూడా తెల్ల నటి లూయీజ్ రైనర్‌కు వెళ్లింది, ఆమెకు ఆస్కార్ కూడా వచ్చింది. చైనీస్ పాత్రలో చైనీస్ నటి ఉండటమే రూలుకు అడ్డం!

1940లో హ్యాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి నటి అయింది, పనిమనిషి పాత్రకి. లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్లో జరిగిన ఆ విందులో తోటి నటుల టేబుల్ దగ్గర ఆమెకు చోటు లేదు. గోడ వైపు వేరే చిన్న టేబుల్ వేశారు. నగరంలో వివక్ష ఎలా ఉంటుందంటే ఇలా ఉంటుంది. అవార్డు ఇస్తారు, కుర్చీ మాత్రం అటు వెయ్యండి అంటారు.

అసలు కెమెరాలో వేసే రీలు కూడా పక్షపాతమే. కోడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు ఒక నమూనా ఫొటో పంపేది, రంగులు సరిగ్గా వచ్చాయో లేదో దానితో పోల్చి చూసుకోమని. అందులో ఎప్పుడూ తెల్లమ్మాయే. మొదటి మోడల్ పేరు మీద వాటిని షర్లీ కార్డులు అనేవారు. సినిమా ల్యాబుల్లో కూడా దాదాపు ఇదే పద్ధతి. తెల్ల చర్మం బాగా కనిపిస్తే ఫొటో బాగున్నట్టే లెక్క. నల్లటి ముఖం మాత్రం పళ్లూ కళ్లూ తప్ప ఏమీ కనపడని మసిముద్దలా వచ్చేది. కంపెనీ మీద గట్టిగా ఒత్తిడి తెచ్చినవాళ్లలో చాక్లెట్ల వాళ్లూ చెక్క ఫర్నిచర్ వాళ్లూ ఉన్నారు, తమ సరుకులో గోధుమ రంగు తేడాలు ఫొటోల్లో తెలియడం లేదని. మనుషుల ముఖాల కంటే డార్క్ చాక్లెట్‌కి, మిల్క్ చాక్లెట్‌కి తేడా తెలియకపోవడం పెద్ద సమస్య అయి కూర్చుంది.

మర్యాదగా మాట్లాడే పెద్దమనిషి

ఇక ఇంటి సంగతి. 1933లో అమెరికా ప్రభుత్వం ఇళ్ల అప్పుల కోసం హెచ్‌ఓఎల్‌సీ అని పిలిచే ఒక సంస్థ పెట్టింది. ఆ దశాబ్దంలో అది 200కు పైగా నగరాలకు రంగుల మ్యాపులు గీయించింది. ఆకుపచ్చ పేట మంచిది, నీలం ఫరవాలేదు, పసుపు దిగజారుతోంది, ఎరుపు ప్రమాదం. నల్లవాళ్లు ఉండే పేటలకు దాదాపుగా ఎరుపే పడింది. ఎరుపు పేటలో ఇంటికి లోను పుట్టడం గగనం. తెల్ల పేటలో కొందామా అంటే, ఇల్లు నల్లవాళ్లకు అమ్మనని యజమానులు ముందే రాసుకున్న ఒప్పందాలు అడ్డం.

ఈ మ్యాపుని ఒక మనిషిగా మార్చి, కోటు తొడిగి, టోపీ చేతికిచ్చి తెర మీదికి తీసుకొచ్చిన సినిమా ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’. లోరైన్ హాన్స్‌బెరీ రాసిన నాటకం 1959లో వేదికెక్కింది, 1961లో సినిమా అయింది. షికాగోలో ఇరుకు వాటాలో బతికే నల్లజాతి కుటుంబం. తండ్రి పోయాక వచ్చిన 10,000 డాలర్ల ఇన్సూరెన్స్ డబ్బులో కొంత కట్టి తల్లి ఒక ఇల్లు కొంటుంది. అది తెల్లవాళ్ల పేట. సామాను సర్దుకుంటుండగా ఆ పేట సంఘం తరఫున లిండ్నర్ అనే పెద్దమనిషి వస్తాడు.

ఆయన్ని జాగ్రత్తగా చూడాలి. గొంతు పెంచడు. ఒక్క తిట్టు తిట్టడు. కుర్చీ చూపిస్తే థ్యాంక్స్ చెబుతాడు. టోపీ చేతుల్లో నలుపుకుంటూ, మా పేటలో వాళ్లు కష్టపడి పైకొచ్చిన మామూలు జనం అండీ అంటూ చుట్టూ తిరిగి మాట్లాడతాడు. ఇంట్లో వాళ్లు కూడా మొదట ఆయన స్వాగతం చెప్పడానికి వచ్చాడనే అనుకుంటారు. అసలు విషయానికి వచ్చేసరికి తెలుస్తుంది: మీరు పెట్టిన డబ్బు కంటే ఎక్కువే ఇస్తాం, ఇల్లు మాకే అమ్మెయ్యండి. ఈ ఒక్క సీనులో మూస ఉంది, దురభిప్రాయం ఉంది, కానీ వాటిని మించి చెక్‌బుక్ ఉంది. మనసులో ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నే రాదు. సంఘం పంపింది, వచ్చాడు.

హాన్స్‌బెరీ ఇది గాల్లోంచి తీసుకురాలేదు. ఆమె తండ్రి షికాగోలో ఇలాంటి ఒప్పందం ఉన్న తెల్ల పేటలో ఇల్లు కొన్నాడు. జనం ఇంటి మీద దాడికి వచ్చారు. ఖాళీ చేయించడానికి కోర్టుకు వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1940లో ఆయన గెలిచాడు, అదీ సాంకేతిక కారణం మీద. ఇలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చెయ్యకూడదని సుప్రీంకోర్టు చెప్పడానికి 1948 వచ్చింది. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి చూడటం చెల్లదని చట్టం రావడానికి 1968 వచ్చింది. అంటే లిండ్నర్ టోపీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాటికి ఆయన చేసేది తప్పని చెప్పే ఆ చట్టం లేదు.

అదే 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ కూడా వచ్చింది. న్యూయార్క్ వీధుల్లో పోర్టోరికో కుర్రాళ్లకూ తెల్ల కుర్రాళ్లకూ గొడవ. పోర్టోరికో హీరోయిన్‌గా నటాలీ వుడ్ అనే తెల్ల నటి. నిజంగానే పోర్టోరికోలో పుట్టిన రీటా మోరేనోకి కూడా ముఖానికి గోధుమ రంగు మేకప్ దట్టంగా పూశారు, ఆమె ఒంటి రంగు సరిపోలేదన్నట్టు. సినిమా మొదట్లో కనిపించే కొన్ని వీధులు కూలగొట్టడానికి ఖాళీ చేయించినవి. వేల కుటుంబాలను లేపేసి అక్కడ లింకన్ సెంటర్ అనే కళల కేంద్రం కట్టారు. కుర్రాళ్లు ఏ వీధి మాది అంటూ కొట్టుకుంటున్నారో ఆ వీధి ఇద్దరిదీ కాకుండా పోతోంది, సినిమా మాత్రం ఆ ఊసెత్తదు. 60 ఏళ్ల తర్వాత 2021లో స్పీల్‌బెర్గ్ మళ్లీ తీసినప్పుడు మొదటి షాట్ల నుంచే ఆ కూలిన గోడలు చూపించాడు. పాటలు అవే, కథ అదే. నేపథ్యంలో బుల్డోజర్ ఉండేసరికి గొడవకు అర్థమే మారిపోయింది.

మంచివాడైనా మూసే

మూస అంటే చెడ్డ మూసే అనుకుంటే పొరపాటు. 1967లో వచ్చిన ‘గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్’లో శాన్ ఫ్రాన్సిస్కో అమ్మాయి ఒక నల్లజాతి డాక్టర్ని ఇంటికి తీసుకొచ్చి పెళ్లి చేసుకుంటానంటుంది. తల్లిదండ్రులు ఉదారవాదులు, సమానత్వం గురించి కూతురికి నేర్పినవాళ్లే. ఇప్పుడు గుటకలు మింగుతారు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. అదే ఏడాది జూన్ 12న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా 16 రాష్ట్రాల్లో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ పెళ్లి చట్టవిరుద్ధం.

కానీ ఆ అల్లుడు ఎవరు? సిడ్నీ పోయిటియే వేసిన ఆ పాత్ర ప్రపంచ ప్రఖ్యాత డాక్టరు, మహా సంస్కారి, పెళ్లికి ముందు అమ్మాయిని తాకనివాడు, అమ్మాయి తల్లిదండ్రులు కాదంటే పెళ్లే వద్దనేవాడు. ఇంట్లోకి వచ్చి ఫోన్ చేసుకుంటే ఆ డబ్బులు బల్ల మీద పెట్టేవాడు. ఇన్ని సుగుణాలు ఉంటే తప్ప భోజనానికి కూర్చోబెట్టరా అని అప్పట్లోనే విమర్శకులు దెప్పిపొడిచారు. మామూలు క్లర్కు అయి, కాస్త బద్ధకస్తుడై ఉంటే? తెల్ల హీరోకి సోమరితనం ఉంటే ముద్దొస్తుంది. నల్ల హీరోకి ఆ వెసులుబాటు లేదు. పోయిటియే దశాబ్దం పాటు ఈ బరువు ఒంటరిగా మోశాడు. తప్పు ఆయనది కాదు, తెర మీద రెండో మనిషికి చోటివ్వనివాళ్లది.

కిటికీ అద్దం, ఒక ప్రాణం

మళ్లీ బ్రూక్లిన్ పిజ్జా షాపు దగ్గరికి వద్దాం. సాల్ అనే ఓనరు గోడ నిండా ఇటాలియన్ అమెరికన్ ప్రముఖుల ఫొటోలు పెట్టుకున్నాడు. ఇక్కడ తినేదంతా నల్లవాళ్లే కదా, గోడ మీద మావాళ్లు ఒక్కరైనా లేరేం అని బగ్గిన్ అవుట్ అనే కుర్రాడు అడుగుతాడు. నా షాపు, నా గోడ అంటాడు సాల్. ఎవరి మాట న్యాయం? ఇద్దరిదీ అనిపిస్తుంది, అదే ఆ సినిమా గొప్పతనం. సాల్ చెడ్డవాడు కాదు. ఆ పేట పిల్లలు నా పిజ్జా తిని పెరిగారు అని గర్వంగా చెప్పుకుంటాడు. కానీ ప్రతి సాయంత్రం షట్టర్ దించి, కొడుకులతో కారెక్కి, తెల్లవాళ్లు ఉండే బెన్సన్‌హర్స్ట్‌కి వెళ్లిపోతాడు. ఆ ఇల్లు మనకు చూపించరు. కెమెరా ఆ ఒక్క వీధిని వదిలి ఎక్కడికీ పోదు. డబ్బు రోజూ ఆ వీధి దాటుతుంది, కెమెరా దాటదు.

ఎండకు అందరి బుర్రలూ వేడెక్కిన ఆ రోజు చివర్లో గొడవ ముదురుతుంది. పోలీసులు వచ్చి రేడియో రహీమ్ అనే కుర్రాణ్ని మెడ బిగించి చంపేస్తారు. అప్పుడు మూకీ చెత్తడబ్బా ఎత్తి షాపు అద్దం మీదికి విసురుతాడు. సినిమా విడుదలకు ముందు కొందరు సమీక్షకులు, ఇది చూసి నల్లజాతి కుర్రాళ్లు అల్లర్లు చేస్తారేమో అని భయపడుతూ రాశారు. అల్లర్లు జరగలేదు. స్పైక్ లీ తర్వాత చాలాసార్లు ఒక సంగతి ఎత్తిచూపాడు: మూకీ అద్దం ఎందుకు పగలగొట్టాడని తనను తెల్లవాళ్లు అడుగుతూనే ఉన్నారు, నల్లవాళ్లెవరూ అడగలేదు అని. ఒకరికి కనిపించింది అద్దం, ఇంకొకరికి కనిపించింది శవం. అదే తెర, అదే సీను.

ఆ వీధిలోనే కొరియన్ దంపతుల కిరాణా షాపు ఉంది. రేడియో రహీమ్ టేప్‌రికార్డర్‌కి బ్యాటరీలు కొనడానికి వెళ్తే, డి సైజు అడిగితే సి సైజు అంటారని నానా రభసా చేస్తాడు. ఇద్దరిదీ సగం సగం అర్థమయ్యే భాష, పూర్తిగా అర్థమయ్యే తిట్లు. నల్లవాళ్ల పేటలో కొరియన్ షాపు అన్నది ఆ కాలం అమెరికా సినిమాల్లో పదేపదే వస్తుంది. ఎందుకు వాళ్లే? దానికి లెక్క ఉంది. 1965 వలస చట్టం తర్వాత కొరియా నుంచి చదువుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. భాష రాక తగిన ఉద్యోగం దొరకలేదు. పెద్ద సూపర్‌మార్కెట్లు నల్లవాళ్ల పేటలు వదిలి పోయాయి. అక్కడ పుట్టి పెరిగినవాడు షాపు పెడదామంటే బ్యాంకు అప్పు ఇవ్వదు. కొరియన్లకు కుటుంబం దాచుకున్న డబ్బుంది, తమలో తాము వేసుకునే చీటీల్లాంటి ఏర్పాటు ఉంది. ఖాళీగా ఉన్న షాపులోకి వాళ్లొచ్చారు. కౌంటర్‌కి ఇటూ అటూ ఉన్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తిట్టుకుంటున్నారు. ఆ కౌంటర్ అక్కడ ఎందుకుందో నిర్ణయించినవాళ్లు షాట్‌లోనే లేరు.

లాస్ ఏంజెలెస్‌లో ఇది నిజంగానే పేలింది. 1991 మార్చిలో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆ తర్వాత రెండు వారాలు కాకుండానే లటాషా హార్లిన్స్ అనే 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయి 1.79 డాలర్ల ఆరెంజ్ జ్యూస్ బాటిల్ దొంగిలిస్తోందని అనుమానించి కొరియన్ షాపు యజమానురాలు కాల్చి చంపింది. అమ్మాయి చేతిలో డబ్బులున్నాయి. కోర్టు యజమానురాలిని జైలుకు పంపలేదు. 1992 ఏప్రిల్ 29న రాడ్నీ కింగ్ కేసులో పోలీసులను వదిలేయగానే నగరం తగలబడింది. 60 మందికి పైగా చనిపోయారు, నష్టం 100 కోట్ల డాలర్ల దాకా అని అంచనా. కాలిపోయినవాటిలో కొరియన్ షాపులు చాలా ఉన్నాయి.

ఆ మరుసటి ఏడాదే ‘ఫాలింగ్ డౌన్’ వచ్చింది. ఉద్యోగం పోయిన తెల్ల ఇంజినీరు ఎండలో నడుస్తూ కొరియన్ షాపులోకి వెళ్తాడు, కోక్ ధర 85 సెంట్లా అని షాపంతా బ్యాటుతో పగలగొడతాడు. షాపతని ఉచ్చారణను వెక్కిరిస్తాడు. నా పరీక్ష ఇక్కడ పెట్టి చూడండి. కెమెరా ఆ ఇంజినీరు వెంట రోజంతా నగరం తిరుగుతుంది. షాపతను తర్వాత పోలీస్ స్టేషన్లో ఒకసారి కనిపిస్తాడు, అంతే. ఆ పగిలిన సీసాలు ఎవరు ఊడ్చారో మనకు తెలియదు.

అందరూ సమానంగా దోషులేనా

ఇప్పుడు అసలు తగువులమారి సినిమా, ‘క్రాష్’. పాల్ హాగిస్ తీసింది. 2006లో ఉత్తమ చిత్రం ఆస్కార్ ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’కి కాకుండా దీనికి ఇవ్వడం మీద ఈనాటికీ వాదన ఆగలేదు. మొదట్లో కొంత కాలం నేనూ దీన్ని తెగ మెచ్చుకున్నవాణ్నే. లాస్ ఏంజెలెస్‌లో రెండు రోజుల్లో పదీ పదిహేను మంది, రకరకాల జాతులవాళ్లు, ఒకరికొకరు ఢీకొంటూ ఉంటారు. అందరూ కార్ల అద్దాల వెనక బతుకుతారు కాబట్టి ఢీకొంటే తప్ప మనిషి స్పర్శ తెలియదు అన్నది మొదట్లోనే చెప్పే మాట.

మొదట్లోనే ఒక సీను ఉంది. ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు రెస్టారెంట్ నుంచి బయటికి వస్తారు. మనకు సర్వ్ చెయ్యడానికి అంతసేపు ఎందుకు పట్టిందో చూశావా అని ఆంథనీ మండిపడుతుంటాడు. ఎదురుగా ఒక తెల్ల జంట. వీళ్లని చూడగానే ఆవిడ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. చూశావా, తెల్లవాళ్ల పేటలో మంచి బట్టలేసుకుని నడుస్తున్న మనల్ని చూసి ఆవిడ భయపడుతోంది, నిజానికి భయపడాల్సింది మనం కదా అంటాడు ఆంథనీ. ప్రేక్షకుడు తలూపుతాడు. మరుక్షణం ఆ ఇద్దరూ తుపాకులు తీసి ఆ జంట కారే ఎత్తుకుపోతారు.

హాల్లో అందరూ నవ్వుతారు. తెలివైన మలుపే. కానీ ఇంటికెళ్లాక ఆలోచిస్తే ఏం మిగిలింది? ఆవిడ భయం నిజమైంది. మూసని విప్పుతున్నట్టు మొదలుపెట్టి మళ్లీ గట్టిగా బిగించారు.

మాట్ డిలన్ వేసిన పోలీసు పాత్ర ఇంకా చిక్కు. ఒక రాత్రి నల్లజాతి దంపతుల కారు ఆపి, తనిఖీ పేరుతో భర్త కళ్లముందే భార్య ఒంటి మీద చేతులు వేస్తాడు. మర్నాడు అదే ఆవిడ బోల్తాపడ్డ కారులో ఇరుక్కుంటే మంటల్లోంచి ప్రాణాలకు తెగించి లాగుతాడు. ఆ సీను తీసిన తీరుకి ఒళ్లు గగుర్పొడుస్తుంది, అందులో అనుమానం లేదు. అయితే సినిమా ఈ పోలీసు వెంట ఇంటికి వెళ్తుంది. జబ్బుపడ్డ తండ్రిని చూపిస్తుంది. ఆ తండ్రి వ్యాపారం మైనారిటీ కోటా వల్ల దెబ్బతిందని అతని కోపానికి కారణం కూడా చెబుతుంది. కారు దొంగ ఆంథనీ ఎక్కడుంటాడు, ఎవరింట్లో పెరిగాడు? ఆ గుమ్మం దాకా కెమెరా పోదు.

సినిమా చెప్పేది ఒక్క ముక్కలో: దురభిప్రాయం లేనివాడు లేడు, అందరం అంతే. ఇరానీ షాపతను తాళాలు బాగుచేసే లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుర్రాణ్ని అనుమానిస్తాడు, నల్లజాతి డిటెక్టివ్ లాటినా ప్రియురాలిని వెక్కిరిస్తాడు, తెల్ల పోలీసు నల్లామెను అవమానిస్తాడు. విడివిడిగా అన్నీ నిజమే. పక్కపక్కన పేర్చి ఒకే తూకంలో పెట్టడం దగ్గరే తేడా కొట్టింది. షాపతని అనుమానం వెనక ఉన్నది అతని కోపం. పోలీసు చేతి వెనక ఉన్నది బ్యాడ్జీ, తుపాకీ, కోర్టులో అతని మాటకుండే విలువ. మొదట్లో చెప్పిన మూడింటిలో మూడోదాన్ని తీసుకెళ్లి మొదటి రెండిట్లో కలిపేస్తే ఇలాగే ఉంటుంది.

అలాగని సినిమా మొత్తం కొట్టిపారేయలేను. దానికి తెలియకుండానే అన్నట్టు రెండు చిన్న సీన్లలో అసలు సంగతి బయటపడుతుంది. ఆ పోలీసు పక్కన డ్యూటీ చెయ్యలేనని కుర్ర పోలీసు తన పైఅధికారి దగ్గరికి వెళ్తాడు. అధికారి నల్లవాడు. ఫిర్యాదు రాస్తే ఇన్నేళ్లూ నువ్వేం చూశావని నన్నే అడుగుతారు, ఈ డిపార్ట్‌మెంట్‌లో నేను ఈ కుర్చీదాకా ఎలా వచ్చానో నాకు తెలుసు అంటాడు. చివరికి, గ్యాస్ సమస్య ఉంది, కారులో ఒంటరిగా తిరుగుతానని రాసివ్వు అని సలహా ఇస్తాడు. నవ్వొచ్చే సీను. నల్లవాడు కుర్చీలో కూర్చున్నా కుర్చీ పని మారలేదన్నది అందులో ఉంది. రెండోది, నల్లజాతి టీవీ దర్శకుడితో తెల్ల సహచరుడు వచ్చి, ఆ నల్ల నటుడు ఈ సీనులో నల్లవాడిలా మాట్లాడటం లేదు, ఇంకోసారి తీద్దాం అంటాడు. దర్శకుడు ఒక్క క్షణం ఆగి, నవ్వు తెచ్చిపెట్టుకుని, మళ్లీ తీస్తాడు. మూస తయారయ్యే ఫ్యాక్టరీ అది. ఇదే పాయింటు మీద రాబర్ట్ టౌన్సెండ్ 1987లోనే ‘హాలీవుడ్ షఫుల్’ అని మొత్తం కామెడీ సినిమా తీసి పారేశాడు.

నువ్వు, మీరు

ఫ్రాన్స్‌లో ఒక మాట చాలు. మాథ్యూ కసోవిత్స్ 1995లో తీసిన ‘లా ఎన్’, అంటే ద్వేషం. 1993లో పారిస్ పోలీస్ స్టేషన్లో మకోమే అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు పోలీసు తుపాకీ గుండుకు చనిపోయాక పుట్టిన ఆలోచన. పారిస్ శివారు కాలనీలో ముగ్గురు స్నేహితులు: ఒక యూదు, ఒక నల్లవాడు, ఒక అరబ్బు. ఒక్క రోజు కథ, బ్లాక్ అండ్ వైట్‌లో. కాలనీలో పోలీసులు వాళ్లని పలకరించేది తిట్లతో. రైలెక్కి పారిస్ నడిబొడ్డుకు వెళ్తారు. అక్కడ సయీద్ ఒక పోలీసుని దారి అడుగుతాడు. పోలీసు మర్యాదగా చెబుతాడు. సయీద్ వెనక్కి వచ్చి నోరెళ్లబెడతాడు: చూశారా, నన్ను మీరు అన్నాడు!

ఇంగ్లీషు సబ్‌టైటిల్లో ఈ సీను చచ్చిపోతుంది, ఆ భాషలో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట కాబట్టి. తెలుగువాడికి విడమర్చి చెప్పక్కర్లేదు. మనిషి అదే, ముఖం అదే, నిలబడ్డ చోటు మారితే పిలుపు మారింది. కాలనీలో నువ్వు, నడిబొడ్డున మీరు. ఆ మీరు కూడా ఎంతోసేపు నిలవలేదు. కాసేపటికే పారిస్ పోలీసులు సయీద్‌నీ నల్లజాతి స్నేహితుణ్నీ స్టేషన్‌కి లాక్కెళ్లి హింసిస్తారు. ఆఖరి రైలు తప్పిపోతుంది. అప్పటి ప్రధాని అలెన్ జుపే మంత్రులందరికీ ఈ సినిమా వేయించి చూపించాడు.

ఈమధ్య సినిమాలు మూడోదాన్ని పట్టుకోవడంలో ముదిరాయనే చెప్పాలి. ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ 2009 జనవరి 1న ఓక్లాండ్ రైల్వే ప్లాట్‌ఫాం మీద పోలీసు కాల్చి చంపిన ఆస్కర్ గ్రాంట్ కథ. ఆ రోజు ప్రయాణికులు ఫోన్లో తీసిన నిజమైన వీడియోతోనే మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి, అతని ఆఖరి రోజంతా ఇంట్లో, కూతురితో, అమ్మ పుట్టినరోజు దగ్గర చూపిస్తుంది. వార్తల్లో ప్లాట్‌ఫాం ఒక్కటే చూసినవాళ్లను ఇంటికి తీసుకెళ్తుంది. అదే ఊళ్లో తీసిన ‘బ్లైండ్‌స్పాటింగ్’లో ప్రొబేషన్‌కి, అంటే జైలు బయట షరతుల మీద గడిపే గడువుకి, ఇంకా మూడు రోజులే మిగిలిన కుర్రాడు, పోలీసు కాల్పులు కళ్లారా చూసి కూడా చెప్పలేడు. బొమ్మలో పూలకుండీ చూస్తే రెండు ముఖాలు కనపడవు, ముఖాలు చూస్తే కుండీ కనపడదు అన్న పాత దృష్టిభ్రమను అందులో వాడుకున్నారు. మూసకి అంతకంటే మంచి పోలిక నాకు తట్టలేదు. పిల్లల బొమ్మల సినిమా ‘జూటోపియా’ కూడా జంతువుల నగరం పేరుతో ఈ పాఠమే చెప్పబోయి ఒకచోట బోల్తాకొట్టింది. అందులో పులులూ నక్కలూ ఒకప్పుడు నిజంగానే కుందేళ్లను తినేవి, భయానికి చరిత్రలో ఆధారం ఉంది. మనుషుల మధ్య ఆ ఆధారం ఎక్కడిది?

బ్రూక్లిన్‌లో ఆ రాత్రి గడిచి తెల్లారింది. షాపు కాలి బూడిదై ఉంది. ముందు మెట్ల మీద సాల్ కూర్చుని ఉంటాడు. మూకీ వస్తాడు, క్షమాపణకు కాదు, వారం జీతానికి. 250 డాలర్లు. సాల్ మండిపడుతూ వంద నోట్లు ఐదు ఉండచుట్టి ఒక్కొక్కటే అతని మీదికి విసురుతాడు. మూకీ మూడు ఏరుకుని రెండు తిరిగి విసిరేస్తాడు. నా జీతం 250, 50 నీకు బాకీ అంటాడు. ఉంచుకో అంటాడు సాల్. నువ్వే ఉంచుకో అంటాడు మూకీ. రెండు వంద నోట్లు ఇద్దరి మధ్య పేవ్‌మెంట్ మీద పడి ఉంటాయి. ఇద్దరూ వాటి వైపు చూడనట్టు నిలబడి, ఈ రోజు ఇంకా ఎండ కాస్తుందట కదా అని మాట్లాడుకుంటారు.